18వ శతాబ్దపు సీసం గనులు: సరుకులు, ఖర్చులు, వ్యాపారం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

18వ శతాబ్దంలో యూరప్‌కు సీసం అమ్మిన దేశాల్లో బ్రిటన్‌ది ముందు వరుస. ఆ గనుల చరిత్ర చదివేవాళ్లు యంత్రాల గురించీ సొరంగాల గురించీ అడిగినంతగా డబ్బు గురించి అడగరు. అసలు కథ డబ్బు దగ్గరే ఉందని నా నమ్మకం. గని నిలిచిందా మూతపడిందా అన్నది రాయి ఎంత గట్టిదన్నదాని కంటే రెండు విషయాల మీద ఎక్కువగా ఆధారపడింది: రేవు ఎంత దూరం, పెట్టిన డబ్బు తిరిగి వచ్చేదాకా ఎవరు ఆగగలరు. ఆగవలసి వచ్చింది ఎవరో కింది జవాబుల్లో చూడండి.

ఏ గనుల గురించి చెబుతున్నారు?

ముఖ్యంగా ఇంగ్లండ్ ఉత్తరాన పెన్నైన్ కొండల్లోని ఆల్‌స్టన్ మూర్, అలెన్‌డేల్, వేర్‌డేల్ ప్రాంతాల గనుల గురించి. పోల్చి చూడటానికి డెర్బీషైర్, స్కాట్లండ్‌లోని లెడ్‌హిల్స్ కూడా వస్తాయి.

గని ఎవరిది? పెట్టుబడి ఎవరిది?

ఒక్కో చోట ఒక్కో పద్ధతి. ఆల్‌స్టన్ మూర్ భూమి డెర్వెంట్‌వాటర్ ప్రభువుది. రాజు మీద జరిగిన 1715 తిరుగుబాటులో పాల్గొన్నందుకు మరుసటి ఏడాది ఆయన తల తీశారు, ఆస్తి ప్రభుత్వపరమైంది. 1735లో ఆ ఆస్తిని లండన్ దగ్గర ముసలి నావికులను పోషించే గ్రీనిచ్ హాస్పిటల్‌కు అప్పగించారు. ఆ సంస్థ గనులను కౌలుకిచ్చి, తవ్విన ఖనిజంలో వాటా తీసుకునేది. కౌలుదార్లలో పెద్దది 1692లో రాజపత్రం పొందిన లండన్ లెడ్ కంపెనీ. దాని పెద్దల్లో చాలామంది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు కావడంతో జనం దాన్ని క్వేకర్ల కంపెనీ అనేవారు. అలెన్‌డేల్, వేర్‌డేల్ గనులు బ్లాకెట్ కుటుంబం చేతిలో ఉండేవి.

డెర్బీషైర్ సంగతి పూర్తిగా వేరు. అక్కడి రాజుగారి పొలం అనే ప్రాంతంలో పాత ఆచారం ప్రకారం ఎవరైనా సీసం వెతుక్కోవచ్చు. దొరికితే బార్‌మాస్టర్ అనే అధికారి దగ్గర ఒక గిన్నెడు ఖనిజం కట్టి రాతిలోని ఆ ఖనిజపు పట్టీని తమ పేర రాయించుకోవచ్చు. తవ్వకుండా వదిలేస్తే మాత్రం హక్కు నిలవదు. బార్‌మాస్టర్ వచ్చి గని మీది చెక్క కప్పీకి కత్తితో గాటు పెడతాడు. నీళ్లో గాలి లేకపోవడమో అడ్డమైతే తప్ప, కొన్ని వారాల్లో పని మొదలుపెట్టకపోతే గని అడిగినవాడి పరమవుతుంది. పెద్ద గనులను 24 వాటాలుగా విడదీసి, ఒక్కో వాటాను మళ్లీ సగాలు, పావులు చేసి అమ్ముకునేవారు. లెక్క చూసిన ప్రతిసారీ నష్టమొస్తే వాటాదారులు తలా ఇంత జేబులోంచి తీయాలి.

గనికి ఏయే సరుకులు కావాలి?

రోజూ తరిగిపోయేవి కొవ్వొత్తులు, తుపాకి మందు. జంతువుల కొవ్వుతో చేసిన ఆ వత్తిని మెత్తటి బంకమన్ను ముద్దలో గుచ్చి రాతి గోడకు అంటించి, ఆ వెలుగులో పనిచేసేవారు. 1700ల మొదట్లో విధించిన కొవ్వొత్తుల పన్ను 1831 దాకా తొలగలేదు. అంటే రోజూ కొవ్వొత్తుల వెలుగులోనే పనిచేసేవాళ్లు చీకటికి కూడా పన్ను కట్టారన్నమాట. తుపాకి మందు 17వ శతాబ్దం చివర్లో గనుల్లోకి వచ్చింది, తర్వాతి వందేళ్లలో అది లేకుండా సొరంగం ముందుకు సాగని స్థితి ఏర్పడింది.

వీటి తర్వాత కలప, ఇనుము, మోకులు, కొలిమికి బొగ్గు, పీట్ అనే బురదనేల ఇంధనం. పెన్నైన్ కొండల నెత్తిన చెట్లు తక్కువ. గోడలు కూలకుండా ఆపే దుంగలు దూరం నుంచి రావాలి, బాల్టిక్ సముద్ర తీరాల నుంచి న్యూకాసిల్ రేవుకు దిగే కలప ఇందుకు పనికొచ్చేది. పీట్‌ను మాత్రం అక్కడే వేసవి మొదట్లో కోసి ఆరబెట్టేవారు. వానలు ఎడతెరిపి లేకుండా కురిసిన ఏడాది పీట్ ఆరేది కాదు, కొలిమికి ఇంధనం కొరత పడేది. ఇంధనం నిల్వ ఎంత ఉండాలో గని పని చూసే కంపెనీ ఏజెంటు శీతాకాలానికి ముందే లెక్కవేసుకోవాలి.

కొవ్వొత్తులు, తుపాకి మందు కంపెనీ ఇచ్చేదా, కార్మికులే కొనుక్కునేవారా?

తెచ్చేది కంపెనీ, భరించేది కార్మికుడు. ఈ ఏర్పాటు పేరే బేరం. నలుగురైదుగురు కార్మికులు ఒక జట్టుగా ఏజెంటు దగ్గరకు వెళతారు. ఫలానా చోట తవ్వే ఖనిజానికి బింగ్‌కు ఇన్ని షిల్లింగులని ఒప్పందం కుదురుతుంది. బింగ్ అంటే 8 హండ్రెడ్‌వెయిట్లు, అంటే సుమారు 406 కిలోలు. ఖనిజం లేని రాతిలో దారి తొలిచే పనైతే ఫాదమ్‌కు, అంటే ఆరు అడుగులకు ఇంత అని రేటు. బేరం సాధారణంగా మూడు నెలలకు. పట్టీ గొప్పగా కనిపిస్తే ఏజెంటు రేటు తగ్గిస్తాడు, పలుచగా ఉంటే పెంచుతాడు.

ఇప్పుడు సరుకుల సంగతి. కొవ్వొత్తులు, మందు, పనిముట్లకు పదును పెట్టించిన కూలి, చాలాచోట్ల ఖనిజాన్ని పైకి లాగించి కడిగించిన ఖర్చు కూడా జట్టు ఖాతాలో పడతాయి. ఖాతా తేలేది ఏడాదికి ఒకసారి. అప్పటిదాకా నెలనెలా కొంత బత్తెం అడ్వాన్సుగా ఇస్తారు. ఏడాది చివర తవ్విన ఖనిజం విలువలోంచి బత్తెం, సరుకుల ఖరీదు తీసేసి మిగిలింది పంచుతారు. ఏమీ మిగలకపోతే బాకీ మరుసటి ఏడాదికి వెళుతుంది.

ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు. కార్మికుడు తానే కొన్న కొవ్వొత్తిని వృథాగా కాల్చడు, మందు అనవసరంగా దట్టించడు, పైన నిలబడి కాపలా కాసే మేస్త్రీ జీతం మిగులుతుంది. ఆ మాట నిజమే. కార్మికులు కూడా తమను కూలీలుగా కాక బేరమాడే మనుషులుగా చూసుకున్నారు, రాతిని చదవగలిగిన జట్టు మంచి ఏడాదిలో బాగా సంపాదించింది కూడా. కానీ ఖాతా పుస్తకం వైపు నుంచి చూస్తే ఇంకో సంగతి కనబడుతుంది. తవ్విన నాటి నుంచి సీసం అమ్ముడుపోయేదాకా పట్టే నెలల తరబడి కాలానికి పెట్టుబడి కావాలి. ఆ పెట్టుబడిలో పెద్ద భాగం కార్మికుడి చెల్లించని కూలి. వడ్డీ లేని అప్పు అది. ఇచ్చినవాడు పూరి గుడిసెలో, తీసుకున్నవాడు లండన్ కార్యాలయంలో ఉండేవారు.

మరి వాళ్ల తిండి?

ఓట్స్ ధాన్యపు పిండి ప్రధాన ఆహారం. పెన్నైన్ కొండల మీద ఎత్తు ఎక్కువ, చలి ఎక్కువ, పంట తక్కువ, కాబట్టి ధాన్యం కింది లోయల నుంచి రావాలి. చాలా కుటుంబాలు చిన్న చెక్క భూమి, ఒక ఆవు పెట్టుకునేవి. యజమానులు దీన్ని ప్రోత్సహించారు, ఇంట్లో పాలుంటే తక్కువ కూలితో నెట్టుకురావచ్చు కదా.

కరువు కాలంలో మాత్రం ఈ లెక్క తలకిందులయ్యేది. 1756లో డెర్బీషైర్ గని కార్మికులు ధాన్యం ధర భరించలేక డెర్బీ పట్టణానికి వెళ్లి పిండి మరలను పగలగొట్టారు. 1790ల కరువులో లండన్ లెడ్ కంపెనీ తానే ధాన్యం కొని కార్మికులకు మార్కెట్ కన్నా తక్కువకు అమ్మింది. క్వేకర్ల దయ అందులో ఉంది, కాదనను. దానితోపాటు ఒక గట్టి లెక్క కూడా ఉంది. ఆకలితో కార్మికులు కొండ దిగి వెళ్లిపోతే రాతిని చదివే నేర్పు వాళ్లతోనే వెళ్లిపోతుంది.

గనిలో నీరు తోడటానికి ఎంత ఖర్చయ్యేది?

కొన్నిచోట్ల మిగతా ఖర్చులన్నీ కలిపినా అంత. లోతుకు వెళ్లేకొద్దీ నీరు ముంచెత్తుతుంది. దానికి రెండు దారులు. ఒకటి ఆవిరి యంత్రం: డెర్బీషైర్‌లో విన్‌స్టర్ దగ్గరి యేట్‌స్టూప్ గనిలో న్యూకామెన్ యంత్రం 1710ల చివరికే వచ్చింది. అయితే ఆ యంత్రం బొగ్గును మింగేది. బొగ్గు గని పక్కన అది చవక, గుర్రం మీద బొగ్గు తెచ్చుకోవలసిన సీసం గనికి కాదు.

రెండోది కింది లోయ నుంచి గని అడుగుకు నీటి సొరంగం తొలవడం. నీరు తనంతట తాను బయటికి పోతుంది, రోజువారీ ఖర్చు ఉండదు. కానీ సొరంగం పూర్తయ్యేదాకా పైసా రాదు. డెర్బీషైర్‌లోని హిల్‌కార్ సొరంగాన్ని 1766లో మొదలుపెడితే 1787కు పూర్తయింది, 32,000 పౌండ్లు అయిందని చెబుతారు. ఆల్‌స్టన్‌లో గ్రీనిచ్ హాస్పిటల్ 1776లో నెంట్ ఫోర్స్ సొరంగం మొదలుపెట్టింది. ప్రసిద్ధ ఇంజనీరు జాన్ స్మీటన్ అప్పట్లో ఆ సంస్థ ఆస్తుల వసూళ్లు చూసేవాడు, ఆలోచన ఆయనదే. పడవలో రాయి బయటికి తెచ్చేంత వెడల్పుగా తొలిచారు. పని 19వ శతాబ్దంలో దశాబ్దాల పాటు సాగింది, ఆశించినంత ఖనిజం మాత్రం దొరకలేదు. అలాంటి పని సొంత డబ్బు పెట్టిన చిన్న వాటాదారు చేయలేడు. తరాల తరబడి నిలిచే సంస్థ చేయగలదు.

డెర్బీషైర్‌లోని క్రాంఫర్డ్ దగ్గర ఒక చిత్రమైన పర్యవసానం ఉంది. గని సొరంగం నుంచి వచ్చే నీరు శీతాకాలంలో గడ్డకట్టదు. రిచర్డ్ ఆర్క్‌రైట్ 1771లో తన నూలు మిల్లును ఆ నీటి దగ్గరే కట్టాడు. మరుసటి ఏడాదే గనుల వాళ్లు ఇంకా లోతుగా మీర్‌బ్రూక్ సొరంగం తవ్వడం మొదలుపెట్టారు. చివరికి మిల్లు నీరు అటు మళ్లిపోయింది.

ఖనిజాన్ని రేవుకు తీసుకెళ్లి కరిగించవచ్చు కదా, కొండ మీదే కొలిమి ఎందుకు?

లెక్క వేసి చూద్దాం. కడిగిన ఖనిజంలో మూడింట రెండు వంతుల సీసం దక్కుతుందనుకుంటే, న్యూకాసిల్ కొలతలో ఒక ఫోదర్ సీసానికి, అంటే 21 హండ్రెడ్‌వెయిట్లకు, సుమారు 4 బింగులు, అంటే 32 హండ్రెడ్‌వెయిట్ల ఖనిజం కావాలి. కొండ మీదే కరిగిస్తే 11 హండ్రెడ్‌వెయిట్ల మోత తప్పుతుంది. ఇంధనంలో కొంత భాగం పీట్ రూపంలో అక్కడే దొరుకుతుంది కాబట్టి పెన్నైన్‌లో పాత తరహా చిన్న కొలుములు నిలిచాయి. డెర్బీషైర్‌లో బొగ్గు దగ్గర, అందుకే 1730ల నుంచి క్యుపోలా అనే బొగ్గు బట్టీలు వచ్చాయి. వాటిని అక్కడికి తెచ్చింది కూడా లండన్ లెడ్ కంపెనీయే.

రేవుకు ఎలా చేర్చేవారు?

శతాబ్దంలో ఎక్కువ భాగం గుర్రాల మీద. గాలోవే జాతి పొట్టి గుర్రం సుమారు 2 హండ్రెడ్‌వెయిట్లు, అంటే వంద కిలోల బరువు మోస్తుంది. ఒక్క ఫోదర్‌కు పదకొండు గుర్రాలు. ముందు నడిచే గుర్రం మెడలో గంట కట్టి వరుసగా తోలేవారు. ఆల్‌స్టన్ మూర్‌లోని నెంట్‌హెడ్ నుంచి న్యూకాసిల్ 70 కిలోమీటర్ల పైచిలుకు, దారి అంతా బురద, మలుపులు. శీతాకాలంలో మంచు పడితే నడక ఆగిపోతుంది. గనిలో పని మాత్రం ఆగదు, ఖనిజం కుప్ప పెరుగుతుంది, బాకీలు పెరుగుతాయి. ఖనిజం కడిగే పనీ ఆరుబయటే, నీరు గడ్డకడితే అదీ ఆగుతుంది. అందుకే కడగడం, మోయడం అనే ఏడాది పని కొన్ని వెచ్చని నెలల్లోకి కుదించుకుపోయేది.

గుర్రాలవాళ్లు చాలామంది స్థానిక చిన్న రైతులు. కోతల కాలంలో పొలం వదిలి రారు, గడ్డి కరువైతే రేటు పెంచుతారు. ఏజెంటుకు ఇది పెద్ద తలనొప్పి. తెలివైన ఏజెంటు తిరుగు ప్రయాణంలో గుర్రం ఖాళీగా రాకుండా చూసుకుంటాడు. సీసం దింపిన గుర్రం ధాన్యమో తుపాకి మందు పీపాలో మోసుకొస్తే రెండు వైపులా ఖర్చు పంచుకున్నట్టవుతుంది. ఏ సాంకేతిక ఆవిష్కరణకూ తీసిపోని పొదుపు ఇది. దీని గురించి చరిత్ర పుస్తకాలు తగినంత రాయలేదని నాకు అనిపిస్తుంది.

సుంకం వసూలు చేసే బాగైన రోడ్లు వచ్చాక బండ్లు పెరిగాయి. డెర్బీషైర్ సీసం మొదట బాట్రీ రేవు దాకా నేల మీద, అక్కడి నుంచి నదిలో హల్‌కు వెళ్లేది. 1777లో చెస్టర్‌ఫీల్డ్ కాలువ పూర్తిగా తెరుచుకోవడంతో బాట్రీ వెలవెలబోయింది.

ఫోదర్ అంటే ఎంత? ఒక్కో చోట ఒక్కో అంకె కనిపిస్తోంది.

అన్నీ సరైనవే. లండన్‌లో ఫోదర్ 19½ హండ్రెడ్‌వెయిట్లు, న్యూకాసిల్‌లో 21, డెర్బీషైర్‌లో 22½. కిలోల్లో వరుసగా సుమారు 990, 1,067, 1,143. డెర్బీషైర్‌లో ఫోదర్ లెక్కన కొని లండన్‌లో ఫోదర్ లెక్కన అమ్మే వ్యాపారికి కాగితం మీద ఏడు ఫోదర్లు ఎనిమిదికి పైగా అవుతాయి. పాత ఖాతాలు చదివేటప్పుడు ధర కంటే ముందు ఏ ఊరి ఫోదరో చూడండి. ఈ తేడా గమనించకుండా లాభం తేల్చిన వ్యాసాలు చాలా ఉన్నాయి. ఖనిజాన్ని డెర్బీషైర్‌లో బరువుతో కాక గిన్నెతో కొలిచేవారు. 1513లో చేసిన ప్రమాణ కంచు గిన్నె వర్క్స్‌వర్త్‌లో ఇప్పటికీ ఉంది. 13వ గిన్నె రాజుగారి వాటా.

సీసం ధర ఎంత ఉండేది? యుద్ధం వస్తే గనికి లాభమా?

శతాబ్దంలో ఎక్కువ కాలం టన్నుకు 10 నుంచి 20 పౌండ్ల మధ్య ఊగిసలాడింది. యుద్ధం వస్తే తూటాలకు సీసం కావాలి కాబట్టి లాభమే అనుకుంటారు. అంత సూటిగా లేదు. సీసం ఎక్కువగా పోయేది ఇళ్ల పైకప్పులకు, గొట్టాలకు, రంగుల తయారీకి. యుద్ధంలో ఇళ్ల నిర్మాణం మందగిస్తుంది, ఆమ్‌స్టర్‌డామ్, రాటర్‌డామ్, హాంబర్గ్ లాంటి రేవులకు దారి మూసుకుపోవచ్చు, ఓడ కిరాయి, బీమా పెరుగుతాయి, బాల్టిక్ కలప ప్రియమవుతుంది. తూటాల గిరాకీ వీటన్నిటినీ ఒక్కోసారి పూడ్చేది, ఒక్కోసారి పూడ్చేది కాదు. ఫ్రాన్స్‌తో సుదీర్ఘ యుద్ధాల్లో, 1800 తర్వాతి తొలి దశకంలో ధర శిఖరానికి చేరింది. 1820ల చివర్లో చవకైన స్పెయిన్ సీసం వచ్చి పడటంతో కూలిపోయింది.

ధర పడినప్పుడు పెద్ద కంపెనీ చేసే పని ఒకటే: సీసం దిమ్మలను రేవులో పేర్చి ఆగడం. సీసం కుళ్లదు, తుప్పుపట్టి పోదు. ఆగే స్తోమత లేని చిన్న గనివాడు వచ్చిన ధరకు ఇచ్చేస్తాడు, ఆగగలిగినవాడే కొంటాడు.

సీసంలో వెండి ఉంటుందంటారు. దానితో ఖర్చు రాబట్టేవారా?

ఉంటుంది, కొద్దిగా. సీసాన్ని ఎముకల బూడిద మూసలో పుటం పెట్టి వెండిని వేరుచేసేవారు. ఇంధనం, కూలి, పోయే సీసం లెక్కేస్తే టన్నుకు సుమారు 8 ఔన్సులకు తక్కువైతే గిట్టుబాటు కాదు. ఆల్‌స్టన్‌లోనే పుట్టిన హ్యూ లీ ప్యాటిన్‌సన్ 1833లో పేటెంటు పొందిన పద్ధతి ఈ హద్దును బాగా కిందికి దించింది. లండన్ లెడ్ కంపెనీ వెండితో ముద్రించిన ఆన్ రాణి, మొదటి జార్జి కాలపు నాణేల మీద గులాబీలు, ఈకల గుత్తులు ఉంటాయి.

ఈ వ్యాపారానికి భారతదేశంతో సంబంధం ఉందా?

ఉంది, రెండు వైపుల నుంచీ. గనుల్లో పేల్చిన తుపాకి మందులో ముప్పాతిక వంతు సురేకారం. ఆ కాలంలో బ్రిటన్‌కు సురేకారం ప్రధానంగా బీహార్ నుంచి, ఈస్టిండియా కంపెనీ ఓడల్లో వెళ్లేది. తిరుగు ఓడల్లో వచ్చే సరుకుల్లో సీసం ఒకటి. అడుగున వేస్తే ఓడ నిలకడగా ఉంటుంది, ఇక్కడ దింపితే అమ్ముడుపోతుంది. 1611లో మచిలీపట్నంలో ఇంగ్లీషువాళ్లు కోఠీ పెట్టినప్పటి నుంచి ఈ తీరంలో వాళ్లు అమ్మజూపిన సరుకుల్లో ఉన్ని బట్టతోపాటు సీసం ఉంది. చైనాలోని కాంటన్‌కూ వెళ్లేది, టీ పెట్టెల లోపలి రేకుకు అక్కడ సీసం కావాలి. పట్నా దగ్గర నేల గీకి సురేకారం తీసిన మనిషి, పెన్నైన్ కొండలో దాన్ని పేల్చిన మనిషి ఒకే ఖాతా పుస్తకానికి రెండు చివరలు. ఇద్దరికీ దక్కింది అడ్వాన్సు బాకీయే.

గనులను నడిపినవాళ్లు చదువుకున్నవాళ్లేనా?

ఒకరి పేరు మీకు తెలిసే ఉంటుంది. ఇంజనీరింగ్, గణితం చదివినవాళ్లు పెద్ద ఫ్యాక్టోరియల్స్ అంచనాకు వాడే స్టిర్లింగ్ సూత్రం నేర్చుకుంటారు. ఆ జేమ్స్ స్టిర్లింగ్ 1730ల మధ్య నుంచి 1770లో చనిపోయేదాకా లెడ్‌హిల్స్‌లో గనుల మేనేజరు. నష్టాల్లో ఉన్న కంపెనీని లాభాల్లోకి తెచ్చాడు. అక్కడ గని పని రోజుకు ఆరు గంటలు మాత్రమే. 1741లో అక్కడి కార్మికులు చందాలు వేసుకుని ఒక గ్రంథాలయం స్థాపించుకున్నారు. మనిషిని పూర్తిగా పిండకపోతే గని ఇంకా బాగా నడుస్తుందనడానికి నాకు తెలిసిన మంచి సాక్ష్యం అదే.

ఖాతాల్లో ఎక్కని ఖర్చులు ఉన్నాయా?

కొలిమి పొగ. అది పడిన గడ్డి మేస్తే పశువులు చనిపోయేవి. సీసం మోసే గుర్రాలు దారిలో మేయకుండా మూతికి చిక్కం కట్టేవారు. గుర్రానికి ఖరీదు ఉంది కాబట్టి ఆ జాగ్రత్త. కొలిమి దగ్గర నిలబడిన మనిషికి, ధూళి పీల్చి నడివయసులోనే ఊపిరితిత్తులు చెడిన గని కార్మికుడికి అలాంటి పద్దు ఏదీ లేదు.

ఇప్పుడు వెళ్లి చూడవచ్చా?

వేర్‌డేల్‌లోని కిల్‌హోప్‌లో సీసం గని మ్యూజియం నడిచేది, అది ప్రధానంగా 19వ శతాబ్దపు గని; ఇప్పుడు తెరిచి ఉందో లేదో వెళ్లేముందు కనుక్కోండి. నెంట్‌హెడ్ ఊళ్లో పాత కొలిమి, గని శిథిలాలు చూడవచ్చు. డెర్బీషైర్‌లో మ్యాట్‌లాక్ బాత్ మ్యూజియం, వర్క్స్‌వర్త్‌లో కంచు గిన్నె ఉన్న మూట్ హాల్ దగ్గరదగ్గరే. గని తగాదాలు తీర్చిన బార్‌మోట్ కోర్టు వర్క్స్‌వర్త్‌లో ఇప్పటికీ ఏడాదికోసారి వసంతంలో కూర్చుంటుంది. పాత గని నోళ్లలోకి మాత్రం తెలిసినవాళ్లు లేకుండా దిగవద్దు, లోపలి కలప ఎప్పుడో కుళ్లిపోయింది.